బాలల పుస్తక విభాగం వార్షిక నివేదిక: జూన్‌టీన్త్ పుస్తక పఠనం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

మన బాలల పుస్తక విభాగం ఈ ఏడాది చేపట్టిన పనుల్లో, అమెరికాలో బానిసత్వం ముగిసినందుకు గుర్తుగా జూన్ 19న జరుపుకునే జూన్‌టీన్త్ పండుగ గురించిన పుస్తక పఠనమే ప్రధానమైనది కనుక, నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాము. హ్యూస్టన్ పరిసరాల్లో పెరుగుతున్న మన పిల్లలకు జూన్ 19 వేసవి సెలవుల్లో మరో రోజు మాత్రమే. ఆ పండుగ పుట్టింది మనకు ఇంత దగ్గరలో ఉన్న గాల్వెస్టన్ రేవులోనే అన్న సంగతి పెద్దవాళ్లలోనూ కొందరికి ఈ పఠనం మొదలయ్యాకే తెలిసింది.

పుస్తకాల ఎంపికకు అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది. అంతర్యుద్ధ కాలంలో, తిరుగుబాటు రాష్ట్రాల్లో బానిసత్వంలో ఉన్నవారు ఇక స్వేచ్ఛాజీవులంటూ అమెరికా అధ్యక్షుడు లింకన్ చేసిన విమోచన ప్రకటన 1863 జనవరి 1న వెలువడినా, టెక్సస్‌లో సుమారు 2,50,000 మంది మరో రెండున్నరేళ్లు బానిసత్వంలోనే మగ్గారు; 1865 జూన్ 19న కేంద్ర ప్రభుత్వ సైన్యానికి చెందిన జనరల్ గోర్డన్ గ్రేంజర్ గాల్వెస్టన్‌లో మూడో నంబరు ఉత్తర్వు వెలువరించాకే అక్కడ ఆ ప్రకటన అమలుకు దారి పడింది. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది 'వార్త ఆలస్యంగా అందింది' అని తేల్చేస్తారు. యజమానులలో తెలిసినవారు తెలిసే దాచారనీ, అమలు చేయించే సైన్యం వచ్చేదాకా చట్టం కాగితం మీదే ఉండిపోయిందనీ చెప్పకపోతే, తప్పంతా తపాలా మీదికి పోతుంది. అదే ఉత్తర్వు యజమానులకూ బానిసలకూ మధ్య పరిపూర్ణ సమానత్వాన్ని ప్రకటిస్తూనే, విముక్తులైనవారు ఉన్నచోటే ఉండి కూలికి పనిచేయాలని సలహా ఇచ్చింది. ఈ చిక్కును దాచకుండా పిల్లల ముందుంచడానికి వీలిచ్చే పుస్తకాలనే తీసుకున్నాము.

ఏంజెలా జాన్సన్ రాయగా ఇ. బి. లూయిస్ బొమ్మలు వేసిన 'ఆల్ డిఫరెంట్ నౌ' ఆ తొలి రోజును ఒక చిన్నపిల్ల మాటల్లో చెబుతుంది. ఫ్లాయిడ్ కూపర్ పుస్తకం 'జూన్‌టీన్త్ ఫర్ మేజీ'లో తండ్రి తన కూతురికి పూర్వీకుడి కథ వినిపిస్తాడు. రాత్రిపూట తాతల కథలు విని పెరిగిన మనకు ఆ పద్ధతి కొత్తది కాదు కనుక, దీన్ని నలుగురు తల్లిదండ్రులు ఇంటికి తీసుకెళ్లి తెలుగులో చెప్పారు. జూన్‌టీన్త్‌ను జాతీయ సెలవు చేయాలని కృషి చేసిన, టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌కు చెందిన ఓపల్ లీ జీవితం చెప్పేటప్పుడు మాత్రం ఒక పొరపాటు జరిగింది. 1939 జూన్ 19న ఒక మూక ఆమె కుటుంబం ఇంటిని ధ్వంసం చేసిన ఘట్టం విని చిన్న తరగతి పిల్లలు భయపడ్డారు. ఆ తరువాత ఆ భాగాన్ని పదేళ్లు దాటినవారికే చెప్పాము. చిన్నవారికి, 89 ఏళ్ల వయసులో ఆమె జాతీయ సెలవు కోసం నడక మొదలుపెట్టడం, 2021 జూన్‌లో ఆ చట్టం రావడం చెబితే సరిపోయింది.

తెలుగు మాటల దగ్గర మాలో మేము బాగానే వాదించుకున్నాము. 'బానిసలు' అంటే అది వారి పుట్టుక లక్షణంలా వినిపిస్తోందని, 'బానిసత్వంలో ఉంచిన మనుషులు' అని రాయాలని నిర్ణయించాము. తెలంగాణ నుంచి వచ్చిన ఒక పెద్దాయన 'ఇది మా ఊరి వెట్టి వంటిదే కదా' అన్నారు. పోలిక కొంతవరకే కుదురుతుంది: 1976 చట్టంతో నిషేధించిన వెట్టిచాకిరి ఎంత క్రూరమైనదైనా, తల్లి ఒడిలోని బిడ్డను సంతలో అమ్మే చట్టబద్ధమైన హక్కు అందులో లేదు. అయినా పిల్లలకు వెంటనే అర్థమైన మాట అదే.

జూన్‌టీన్త్ విందులో ఎర్రటి పదార్థాలు ఆనవాయితీ. ఆ ఎర్ర పానీయాలలో ఒకటి ఎర్ర గోంగూర కాయల రేకులతో చేస్తారు. పుంటికూర పేరుతో పచ్చడి తినే పిల్లలు అదే మొక్క అని తెలిసి నమ్మలేదు. గాల్వెస్టన్ యాత్రలో రెజినాల్డ్ ఆడమ్స్ 2021లో గీసిన 'పరిపూర్ణ సమానత్వం' కుడ్యచిత్రం చూశాము. ఎండ తీవ్రత వల్ల అక్కడ చదవాలనుకున్న పుస్తకం చదవలేకపోయాము. వచ్చే ఏడాది ఉదయం ఎనిమిదికే బయలుదేరాలని నిర్ణయించాము.

పుస్తకాలన్నీ విభాగం బీరువాలో ఉన్నాయి. 'జూన్‌టీన్త్ ఫర్ మేజీ' ప్రతులు రెండు ఇంకా తిరిగి రాలేదు. తీసుకున్నవారు దయచేసి వచ్చే సర్వసభ్య సమావేశానికి తీసుకురాగలరు.

ఇట్లు,
బాలల పుస్తక విభాగం