ఆ ఈల డేటన్ వాళ్లది

అమ్ములూ,

నువ్వు పంపిన పాట శనివారం పొద్దున ఇడ్లీకి రుబ్బుతూ ఒకసారి, గ్రైండర్ ఆపేసి ఇంకోసారి, సాయంత్రం కార్లో నాలుగు సార్లు విన్నాను. బాగుంది. తొడమీద తాళం వేసుకుంటూ విన్నాను కాబట్టి ఆ మాట ఊరికే అనడం లేదు. మీ నాన్నకి మాత్రం చప్పుడు ఎక్కువ, మాట తక్కువ అనిపించిందట. ఆయన సంగతి నీకు తెలిసిందే.

మెసేజ్‌లో ఒక ముక్క రాశావు చూడు, మధ్యలో ఈల వేసినట్టు సన్నగా మెలికలు తిరిగే ఆ కీబోర్డు "అచ్చమైన ఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్) సౌండ్" అని, నీ రూమ్మేట్లు వినగానే గుర్తుపట్టారని. చదివి నవ్వుకున్నాను. ఫోన్లో చెప్పబోతే "అమ్మా, క్లాసుంది" అంటావు, అందుకే కూర్చుని రాస్తున్నా. ఆ ఈల ఎల్‌ఏది కాదే తల్లీ, మన ఓహాయోలోని డేటన్ వాళ్లది. నువ్వు పుట్టి పెరిగిన ఇంటికి ఇరవై నిమిషాల దూరం.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నువ్వు తొమ్మిదో తరగతిలో ఉండగా డాన్స్ క్లాసుకి తీసుకెళ్తుంటే కార్లో ఎల్‌ఏ ర్యాపర్ డాక్టర్ డ్రే పాట పెట్టావు. రెండో బూతు మాటకే చటుక్కున ఆపేశాను. ఇల్లు చేరేదాకా నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నావు. ఆ మాటలు నాకిప్పటికీ నచ్చవు, అది వేరే సంగతి. కానీ ఆ మాటల కింద నడుస్తున్నది ఏమిటో వినే ఓపిక నాకు అప్పుడు లేదు. మృదంగం వాయించే మనిషి కూతురినై ఉండి కూడా.

దాన్ని నాకు వినిపించిన మనిషి మా ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన పెద్దావిడ. నీకు గుర్తుండే ఉంటుంది, క్రిస్మస్‌కి పెకాన్ పై తెచ్చేది. వాళ్ల నాన్న అలబామా నుంచి ఫ్యాక్టరీ పని వెతుక్కుంటూ డేటన్ వచ్చాడట. ఆయన ఒక్కడేనా? 1910 నుంచి 1970 దాకా దక్షిణాది రాష్ట్రాల నుంచి దాదాపు 60 లక్షల మంది నల్లజాతి వాళ్లు ఉత్తరానికి, పడమటికి వలస వెళ్లారు. మన వైపుకి వచ్చినవాళ్లకి జనరల్ మోటార్స్ ప్లాంట్లలో పని దొరికింది. మొరైన్‌లో ఇప్పుడు కారు అద్దాలు తయారు చేస్తున్నారు చూడు, ఒకప్పుడు అక్కడ ఫ్రిజిడేర్ ఫ్రిజ్‌లు చేసేవారు. నెల నెలా జీతం వచ్చే ఇల్లు, బడిలో శ్రద్ధగా నేర్పే మ్యూజిక్ టీచరు, ఇంటి వెనక ఒక గ్యారేజీ. ఈ మూడూ కలిస్తే ఏమవుతుంది? వెస్ట్ డేటన్‌లో వీధికో ఫంక్ బ్యాండు పుట్టింది. ఫంక్ అంటే రాగం కంటే లయకి పెద్దపీట వేసే సంగీతం. ఆవిడ క్లారినెట్ వాయించేదట. "పక్క వీధి బ్యాండు మాకంటే బాగా వాయిస్తే ఆ రాత్రి నిద్రపట్టేది కాదు" అని చెప్పి ఇప్పటికీ పళ్లు కొరుకుతుంది.

ఓహాయో ప్లేయర్స్, స్లేవ్, లేక్‌సైడ్, సన్, హీట్‌వేవ్... ఇంత చిన్న ఊరికి ఇన్ని పేర్లు. ఇందులో నీ ఈల ఓహాయో ప్లేయర్స్‌ది. 'ఫంకీ వర్మ్' అని 1973లో ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో మొదటి స్థానానికి వెళ్లిన పాట. భూమిలో ఉండే వానపాము సంగీతం వాయిస్తుందని ఒక ముసలమ్మ చెప్పుకొస్తుంది, అంతే కథ. ఆ వానపాము గొంతే నీ ఈల. వాయించింది జూనీ మారిసన్, 1954లో డేటన్‌లోనే పుట్టినవాడు. ఆ ముసలమ్మ గొంతు కూడా అతనిదే! అప్పటికి అతనికి నీ వయసు కూడా సరిగ్గా లేదు. పిల్లాడి అల్లరి అది. ఆ అల్లరిని పద్నాలుగేళ్ల తర్వాత ఎల్‌ఏలో ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ గుంపు వాళ్లు తమ 'డోప్ మ్యాన్' పాటలోకి తీసుకున్నారు. తర్వాత డ్రే, ఆయన వెనక ఇంకెందరో ఆ ఈలని తిప్పి తిప్పి వాడారు. చివరికి అది ఎల్‌ఏ చిరునామా అయి కూర్చుంది.

ఇంకో తమాషా చెప్పనా? 1995లో టూపాక్, డ్రే కలిసి చేసిన 'కాలిఫోర్నియా లవ్' నీకు కంఠతా వచ్చు కదా. అందులో "కాలిఫోర్నియా" అని మరమనిషిలా పలికే గొంతు ఉందే, అది రోజర్ ట్రౌట్‌మన్‌ది. ఊరు హామిల్టన్. మనం సిన్సినాటి వెళ్తుంటే దారికి కాస్త పక్కన తగులుతుంది. వాళ్ల అన్నదమ్ముల బ్యాండు పేరు జాప్. ఆయన వాడింది టాక్ బాక్స్. వీడియోలో దగ్గర్నుంచి చూశాను: కీబోర్డు శబ్దం సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోంచి వస్తుంది, గొట్టం చివర నోట్లో పెట్టుకుంటాడు. గొంతులోంచి శబ్దం తీయడు. పెదాలూ నాలుకా కదిపి, బయటినుంచి వచ్చిన శబ్దానికి మాట ఆకారం ఇస్తాడు, దాన్ని మైకు పట్టుకుంటుంది. నోటి పక్కనుంచి చొంగ కారుతున్నా పట్టించుకోడు. కాలిఫోర్నియా పేరు కాలిఫోర్నియా వాళ్లకే పలికి వినిపించినవాడు ఓహాయో మనిషి అని నీ రూమ్మేట్లకి చెప్పు.

సిన్సినాటి అంటే నీకు గుడీ, ఇండియన్ షాపూ గుర్తొస్తాయి. ఇక నుంచి బ్రూస్టర్ అవెన్యూ కూడా గుర్తు పెట్టుకో. 1943లో సిడ్ నేథన్ పెట్టిన కింగ్ రికార్డ్స్ అక్కడ ఉండేది. రికార్డింగు, రికార్డుల ప్రెస్సింగు, అట్టల ప్రింటింగు, పార్సిళ్లు, అన్నీ ఒకే కప్పు కింద. జార్జియాలోని అగస్టాలో పెరిగిన పాటగాడు జేమ్స్ బ్రౌన్ 1967 మే నెలలో అక్కడే 'కోల్డ్ స్వెట్' రికార్డు చేశాడు.

ఆ పాట వింటూ వంటింట్లో ఆది తాళం వేశాను. నవ్వకు. దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. చక్కగా కూర్చుంది. అప్పటిదాకా వాళ్ల రిథమ్ అండ్ బ్లూస్‌లో బరువు రెండో, నాలుగో లెక్క మీద పడేది. మనుషులు చప్పట్లు కొట్టేదీ అక్కడే. జేమ్స్ బ్రౌన్ ఆ బరువుని మొదటి లెక్కకి తెచ్చాడు. వాళ్లు దాన్ని 'ద వన్' అంటారు, మనకది సమం. 1970లో సిన్సినాటి కుర్రాడు బూట్సీ కాలిన్స్ పద్దెనిమిదేళ్లకి ఆ బ్యాండులో బేస్ గిటార్ వాయించడానికి చేరితే, బ్రౌన్ అతనికి చెప్పిన పాఠం కూడా అదే: మొదటి దెబ్బ నాకివ్వు, తర్వాత నీ ఇష్టం. మీ తాతయ్య శిష్యులకి చెప్పిందీ దాదాపు ఇదే కదా! సమానికి ఇంటికి రండిరా, మధ్యలో ఊరంతా తిరగండి అనేవారు. బూట్సీ ఏడాది తిరక్కుండానే అక్కడ మానేసి, తర్వాత జార్జ్ క్లింటన్‌తో కలిశాడు. న్యూజెర్సీలో మంగలి షాపు నడుపుతూ పాటల గుంపు కట్టిన క్లింటన్, ఆ సమాన్ని అంతరిక్ష నౌకలో ఎక్కించి స్టేజీ మీదకి దింపాడు. అసలు నౌక పోయింది కానీ, 1990ల్లో దానిలాగే చేయించిన ఇంకోటి ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

ఇదంతా ఓహాయోలోనే పుట్టిందని నేననను. పాత వేరు న్యూ ఆర్లీన్స్‌లో ఉంది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా వాళ్లు ఆదివారాలు కాంగో స్క్వేర్‌లో డప్పులు కొట్టి ఆడేవారు. ఆ నడక తర్వాత ఊరేగింపుల్లో బ్రాస్ బ్యాండు వెనక గంతులేసే జనంలోకి, అక్కడినుంచి 1969లో మీటర్స్ వాళ్ల 'సిస్సీ స్ట్రట్' లోకి వచ్చింది. ఓక్లండ్‌లో లారీ గ్రాహమ్ వాళ్లమ్మ పియానోకి తోడుగా బేస్ వాయించేవాడు. డ్రమ్మర్ మానేస్తే ఆ లోటు తెలియకుండా బొటనవేలితో తీగల్ని బాదడం మొదలుపెట్టాడు. ఫంక్ బేస్ అనగానే వినిపించే ఆ టపటపలు అలా వచ్చాయి. అమ్మతో కలిసి వాయిస్తే ఏం పుడుతుందో చూశావా? నువ్వేమో వయొలిన్ అటకెక్కించావు.

హిప్-హాప్ పుట్టిన న్యూయార్క్ సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. 1973 ఆగస్టు 11, బ్రాంక్స్, సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు బిల్డింగు. బడికి కొత్త బట్టలు కొనుక్కోవాలని సిండీ క్యాంప్‌బెల్ పార్టీ పెట్టింది. టికెట్ ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50. రికార్డులు వేసింది వాళ్లన్న కూల్ హెర్క్, జమైకాలో పుట్టినవాడు. జమైకా పాటలకి కదలని కుర్రాళ్లు జేమ్స్ బ్రౌన్ వేస్తే లేచారు. అందులోనూ డ్రమ్స్ ఒక్కటే మిగిలే ముక్క కోసం కాచుకుని ఉంటున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి ఆ ముక్కని మార్చి మార్చి సాగదీశాడు. ఆ రికార్డు ఏదో పోటీవాళ్లకి తెలియకుండా నీళ్లలో నానబెట్టి లేబుళ్లు ఊడదీసేవాడట. వ్యాపార రహస్యం, తప్పుపట్టను. కానీ వాయించినవాళ్ల పేర్లు చెరిగిపోవడం అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు అసలు మాట. నీ పాట అడుగున మళ్లీ మళ్లీ తిరిగే డ్రమ్స్ ముక్క, అదే లూప్, గురించి అడిగితే "ఏదో ప్యాక్‌లోదమ్మా, డ్రాగ్ చేశా" అన్నావు. మా ల్యాబ్ పెద్దావిడకి వినిపించాను. నాలుగు సెకన్లు కూడా వినలేదు, "క్లైడ్" అంది. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్, జేమ్స్ బ్రౌన్ డ్రమ్మర్. నువ్వు కాస్త వేగం తగ్గించావు, అంతే.

టెనెసీలోని చట్టనూగాలో పుట్టాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఊళ్లో ఫ్యాక్టరీ గొట్టం బుస్సుమని వదిలే గాలి కొండకి తగిలి తిరిగొచ్చే చప్పుడు, పట్టాల మీద రైలు లయ, ఇవే గురువులని చెప్పుకునేవాడు. 1969 నవంబరు 20న సిన్సినాటిలో, ఆ బ్రూస్టర్ అవెన్యూ స్టూడియోలోనే, 'ఫంకీ డ్రమ్మర్' రికార్డయింది. పాటలో ఒకచోట బ్రౌన్ అందర్నీ ఆపించి, డ్రమ్మర్‌తో సోలో వద్దు, వాయించేదే వాయించు అంటాడు. ఆ ఇరవై సెకన్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. పెద్ద దెబ్బలు అందరికీ వినిపిస్తాయి. వాటి మధ్య స్నేర్ డ్రమ్ము మీద పుల్ల జారి గుసగుసలాడినట్టు చిన్న దెబ్బలు పడుతుంటాయి. నడకంతా వాటిలోనే ఉంది. తాతయ్య మృదంగం మీద వేళ్లతో ఊరికే తడుముతున్నట్టు ఉండేది గుర్తుందా, అచ్చం అలాగే.

1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే శాంప్లర్‌లో, అంటే రికార్డుల్లోంచి ముక్కలు ఎత్తి మళ్లీ వాయించే మెషీన్లో, మొత్తం పది సెకన్ల శబ్దం పట్టేది. ఆ చోటు మిగుల్చుకోవడానికి రికార్డుని వేగంగా తిప్పి ఎక్కించి, తర్వాత మెషీన్లో నెమ్మది చేసేవాళ్లు. అంత పిసినారితనంలోనూ క్లైడ్‌కి చోటు దొరికింది. పబ్లిక్ ఎనిమీ, ఎల్ఎల్ కూల్ జే, ఎన్.డబ్ల్యూ.ఏ., అందరి కిందా ఆయన చేతులే. క్లైడ్‌కి ఏం ముట్టింది? పాట రాసినవాడిగా బ్రౌన్ పేరే ఉంది. లయ పుట్టించినవాడికి అందులో హక్కు లేదు. ఆయన విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో స్థిరపడి ఏళ్ల తరబడి సోమవారం రాత్రులు క్లబ్బులో వాయించుకున్నాడు. కిడ్నీలు పాడయ్యాయి. క్యాన్సర్ వస్తే ఆస్పత్రి బిల్లు పాటగాడు ప్రిన్స్ కట్టాడు, అదీ ఎవరికీ చెప్పకుండా. 2017లో, 73వ ఏట పోయాడు.

కోర్టులు తీర్పులిచ్చినా డబ్బు ఇలాంటివాళ్ల దాకా రాలేదు. జార్జ్ క్లింటన్ బ్యాండు ఫంకడెలిక్ పాటలోంచి ఎన్.డబ్ల్యూ.ఏ. తీసుకున్న రెండు సెకన్ల గిటార్ ముక్క మీద 2005లో తీర్పు వచ్చింది: లైసెన్స్ తీసుకోండి, లేదంటే శాంపిల్ చేయకండి అని. ఆ కోర్టు ఉండేది కూడా సిన్సినాటిలోనే! అయితే ఆ కేసు వేసింది హక్కులు చేతిలో ఉన్న కంపెనీ. గిటార్ వాయించినవాడు కాదు.

నీ పాట ఆపేయమని చెప్పను, ఒకసారి ఆపి చూశాను కదా. దాన్ని బయట పెట్టే ముందు ఆ ప్యాక్ లైసెన్స్ చదువు, కింద క్లైడ్ పేరూ జూనీ పేరూ వెయ్యి. లేదంటే ఆ లయని నువ్వే వాయించి చూడు. డ్రే కూడా చాలాచోట్ల శాంపిల్ ఎత్తకుండా మనుషుల్ని కూర్చోబెట్టి వాయించుకున్నాడు. థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు తాతయ్య మృదంగం దించి ఇస్తాను. కుడివైపు కొత్త మూత వేయించాలి, వాడక చాలా ఏళ్లయింది.

ఇంకొక్క సంగతి. నలభయ్యో సెకను దగ్గర డ్రమ్స్ ఆగి మళ్లీ అందుకుంటాయి కదా, అక్కడ బేస్ సమానికి అర అక్షరం తర్వాత పడింది. ఆరుసార్లు లెక్కపెట్టాను, ఆరుసార్లూ అంతే. కావాలనే పెట్టావా, జారిందా? కావాలని పెట్టుంటే మాత్రం తాళం రెండో చుట్టులో (ఆవర్తంలో) కూడా అలాగే ఉంచు. నువ్వక్కడ దాన్ని సరిచేసేశావు.

అమ్మ