ఆ యాభై ఒక్క సెకన్ల సంగతి

తెనాలి,
27-6-2025

చిరంజీవి చిన్నోడికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. అక్కడ బ్రిటన్‌లో నువ్వు టెన్షన్‌లో ఉన్నావని నిన్న రాత్రి వాట్సాప్‌లో పంపిన కాగితం, ఎయిర్‌పోర్టు రోడ్డు మీద కారు ఆపినందుకు వచ్చిన ఆ నోటీసు, చూస్తే అర్థమైంది. ఫోన్‌లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి "సరే నాన్నా" అంటావు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. పోస్టులో వేస్తే ఇది చేరేలోపు గడువే దాటిపోతుంది.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. జూన్ 8 ఆదివారం తెల్లవారుజామున టెర్మినల్ కళ్లెదుట కనిపిస్తుండగా "ఒక్క నిమిషం ఆపరా, పాస్‌పోర్టుల కవరు పెద్ద బ్యాగులో పడిందేమో" అని నిన్ను కంగారు పెట్టింది నేను. "ఇక్కడ ఆపకూడదు నాన్నా" అని నువ్వు అంటూనే ఉన్నావు. దిగి డిక్కీ తీశాను. మీ అమ్మ పొందికగా కట్టిన నైలాన్ తాడు విప్పబోయాను. అంతలో గుండెల దగ్గర ఏదో గరగరమంది. కవరు నా బనీను జేబులోనే ఉంది. అదంతా ఆ నోటీసు మీదున్న రెండు ఫోటోల్లో పడింది. మొదటిదాని కింద 05:42:10, రెండోదాని కింద 05:43:01. జూన్ నెలలో మంకీ క్యాప్ పెట్టుకుని డిక్కీలోకి వంగిన పెద్దమనిషిని నేనే. మధ్యలో 51 సెకన్లు. దానికి 100 పౌండ్లు, మన లెక్కలో పదివేలకు పైమాటే.

నోటీసు మూడుసార్లు చదివాను. ముప్ఫై రెండేళ్లు కోర్టులో గుమాస్తాగిరీ చేసినవాడిని, కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేను. దానికి సంబంధించిన అక్కడి చట్టం కూడా ఇంటర్నెట్‌లో పూర్తిగా దొరికింది. పొద్దున్నించీ అదే పని, కాఫీ రెండుసార్లు చల్లారిపోయింది.

మొట్టమొదట నీ భయం తీరుస్తాను. ఇది ప్రభుత్వం వేసిన ఫైన్ కాదు. పైన "పీసీఎన్" అని ఉండేసరికి నువ్వు హడలిపోయావు. కౌన్సిల్ వాళ్లు, అంటే అక్కడి మున్సిపాలిటీ లాంటివాళ్లు, వేసేది పెనాల్టీ చార్జ్ నోటీస్. నీకొచ్చింది పార్కింగ్ చార్జ్ నోటీస్. పొట్టి పేరు రెండింటికీ ఒకటే, జాతి మాత్రం వేరు. నీది ఒక ప్రైవేటు కంపెనీ పంపిన బిల్లు. "మేం బోర్డు పెట్టాం, నువ్వు ఆ రోడ్డులోకి వచ్చావు కాబట్టి ఒప్పుకున్నట్టే, ఒప్పందం తప్పావు కాబట్టి డబ్బు కట్టు" అన్నది వాళ్ల వాదన. నీ అడ్రసు వాళ్లకెలా తెలిసిందని అడిగావుగా. బండ్ల రిజిస్ట్రేషన్లు చూసే డీవీఎల్ఏ ఆఫీసుకు రెండున్నర పౌండ్లు కడితే ఆ నంబరు బండి ఎవరి పేరున ఉందో చెబుతారు.

అక్కడ 2012 అక్టోబరు 1 దాకా ప్రైవేటు స్థలాల్లో చక్రానికి తాళం వేసి, డబ్బు కడితేగానీ వదిలేవాళ్లు కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో దాన్ని మాన్పించిన చట్టం ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్, 2012. తాళాలు తీయించినందుకు బదులుగా కంపెనీలకు ఒకటి ఇచ్చారు. నడిపిందెవరో తెలియకపోయినా బండి కీపర్ని, అంటే బండి ఎవరి పేరున నమోదై ఉందో ఆ మనిషిని, డబ్బు అడగొచ్చు. అయితే ఊరికే కాదు, నాలుగో షెడ్యూలులో రాసిన షరతులన్నీ పాటిస్తేనే. మన పని అంతా ఆ షెడ్యూలుతోనే.

ఏ పిటిషన్ వచ్చినా విషయం చదవకముందే నా కళ్లు తేదీల మీదికి పోతాయి. అది వృత్తి రోగం. ఇక్కడ ఆ రోగం పనికొచ్చింది. అద్దానికి నోటీసు అంటించకుండా నేరుగా ఇంటికి పోస్టు చేస్తే, సంఘటన జరిగిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లోపు అది కీపర్‌కు అందాలి. పంపడం కాదు, అందడం. జూన్ 9 నుంచి లెక్కపెట్టు, 22 ఆదివారంతో సరి. నోటీసు మీద తేదీ జూన్ 20, శుక్రవారం. పోస్టులో వేసిన తర్వాత రెండో పనిదినాన అందినట్టు భావించాలని అదే షెడ్యూలులో ఉంది. శని, ఆదివారాలు తీసేస్తే సోమవారం ఒకటి, మంగళవారం రెండు. అంటే 24. అదే రోజు పోస్టు చేశారనుకున్నా రెండు రోజులు ఆలస్యం! నీకు వచ్చింది 25నే అన్నావు. మన జనరల్ క్లాజెస్ యాక్టులో కూడా పోస్టు గురించి ఇలాంటి ఊహే ఒకటి ఉంటుంది, అందుకే నాకు టక్కున పట్టుబడింది. ఆ లెక్క వేశాక "ఏమేవ్" అని గట్టిగా కేకేశాను. పాలు పొంగాయనుకుని మీ అమ్మ వంటింట్లోకి పరుగెత్తింది.

కవరు పారేశావా? పారేస్తే చెత్తబుట్ట వెతుకు. దానిమీద తేదీ ముద్ర ఉంటే ఇంకా మంచిది.

ఇంకో లోపం. ఎంతసేపు ఆగిందో, ఆ వ్యవధిని నోటీసులో చెప్పాలి. వీళ్లు "05:42" అని ఒక్క సమయం వేసి ఊరుకున్నారు. ఫోటోల్లో రెండు సమయాలున్నా, నోటీసు మాటల్లో వ్యవధి లేదు. చిన్న లోపమే, కానీ రాయి.

మూడోది పెద్దది. ఆ ఎయిర్‌పోర్టు వెబ్‌సైటులో బైలాస్ అని, చట్టం కింద ఆ స్థలానికి చేసుకున్న నిబంధనల పత్రం ఒకటి ఉంది. లోపలి రోడ్ల మీద బండ్లు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో అందులోనే ఉంది. అలా చట్టబద్ధమైన నియంత్రణ కింద ఉన్న స్థలానికి ఈ కీపర్ బాధ్యత వర్తించదు. నాలుగో షెడ్యూలు భాషలో అది "రెలవెంట్ ల్యాండ్" కాదు. ఆ రోడ్డు బైలాస్ కిందికి రాదంటే ఆ సంగతి మ్యాపుతో సహా వాళ్లే చూపించాలి. ఆ భూమి మీద నోటీసులు వేసే అధికారం వాళ్లకు ఎవరిచ్చారో ఆ అగ్రిమెంటు కూడా అడుగు.

ఇవన్నీ నిలబడాలంటే ఒక్క జాగ్రత్త. బండి ఎవరు నడిపారో ఎక్కడా రాయొద్దు. కీపర్ మీదికి రాలేనప్పుడు వాళ్లకు మిగిలేది డ్రైవరే. ఆ డ్రైవరెవరో వాళ్లకు తెలియదు. ప్రైవేటు కంపెనీ అడిగినంత మాత్రాన చెప్పి తీరాలన్న రూలు లేదు. అదే పోలీసులు అడిగితే వేరే సంగతి, అప్పుడు చెప్పాల్సిందే. ఆన్‌లైన్ ఫారంలో "మీరు ఎవరు" అని అడుగుతారు, అక్కడ కీపర్ అన్నదే నొక్కు. "నేను ఆపాను" అని ఒక్క ముక్క రాశావో, నా 14 రోజుల లెక్కంతా గంగలో కలిసినట్టే. "వాహనం ఆపబడింది" అని రాయి. కర్మణి ప్రయోగం తెలుగుకు అందం కాదని మా తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని చెప్పేవారు. నీ అప్పీలు ఇంగ్లీషులో కదా, ఆయన ఆత్మ క్షోభించదులే. ఈ ఉత్తరాన్ని మాత్రం దేనికీ జత చేయకు.

ఇదంతా దాగుడుమూతలాట కదా అని నీకు అనిపిస్తుంది, నాకు తెలుసు. చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. మీ రూమ్మేటు "అమ్మకు వాంతులయ్యాయని రాసెయ్, జాలిపడతారు" అన్నాడట. వద్దు. ఆ రెండో ఫోటో చూడు, వెనక కిటికీలోంచి మీ అమ్మ తల బయటపెట్టి నన్ను తిడుతోంది. వాంతులైన మనిషి ముఖమా అది? అదీగాక, నా మతిమరుపుకు ఆవిడను రోగిని చేయడం నాకిష్టం లేదు.

గ్లాస్గోలో ఉన్న నీ ఫ్రెండు "చించి పారెయ్" అన్నాడు కదా. అతను ఉండేది స్కాట్లండ్, ఈ నాలుగో షెడ్యూలు ఇంగ్లండ్, వేల్స్‌లకే. అతని అనుభవం నీకు పనికిరాదు. ఊరుకుంటే ముందు అప్పు వసూలు కంపెనీల ఉత్తరాలొస్తాయి, పైన 70 పౌండ్ల దాకా కలుపుతారు. వాటికి భయపడక్కర్లేదు, వాళ్లు కోర్టు అమీనులు కారు, ఇంట్లో సామాను ముట్టుకోలేరు. కానీ ఏదో ఒకరోజు కౌంటీ కోర్టు నుంచి క్లెయిమ్ ఫారం వస్తే, దానికి జవాబివ్వకపోతే, మన కోర్టు భాషలో ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే నీ మాట వినకుండానే నీ మీద తీర్పు. నెల్లోపు కట్టేస్తే పోతుంది. లేకపోతే ఆరేళ్లు రికార్డులో కూర్చుంటుంది, ఇల్లు అద్దెకు అడిగినా, లోను అడిగినా అడ్డమే. గెలవాల్సిన కేసుల్లో సమన్లు తీసుకుని ఇంట్లో పడుకున్నవాళ్లు ఓడిపోవడం నా సర్వీసులో ఎంతమందిని చూశానో!

మీ అమ్మది మూడో మాట. 14 రోజుల్లో కడితే 60 పౌండ్లే, కట్టేసి పీడ వదిలించుకో అంటుంది. హైదరాబాద్‌లో చలాన్లు కట్టకుండా నాన్చినవాళ్లకు తర్వాత రాయితీ ఇచ్చారు కదా, 2022లో ఒకసారి, 2023 చివర మళ్లీ. మీ దగ్గర అది తిరగబడింది. తగ్గింపు ముందు, నాన్చితే పెంపు. ఆ 60 చూపించే జనం చేత ఆలోచించకుండా కట్టిస్తారని నా అనుమానం. జులై 4 లోపు అప్పీలు పెట్టు. వాళ్లు కాదన్నా సాధారణంగా ఆ 60 మళ్లీ ఇంకో 14 రోజులు ఇస్తారు. అక్కడ ఆగి ఆలోచించుకోవచ్చు.

కాదన్నప్పుడు ఉత్తరంలో ఒక పోప్లా కోడ్ ఇస్తారు. పోప్లా అంటే ఇలాంటి నోటీసుల మీద అప్పీళ్లు వినే, కంపెనీకి చెందని సంస్థ. నోటీసు కింద బీపీఏ అనే పార్కింగ్ కంపెనీల సంఘం గుర్తు ఉంది కాబట్టి నీది పోప్లాకే వెళుతుంది. ఇంకో సంఘం సభ్యులైతే ఐఏఎస్ అని వేరే అప్పీలు సంస్థ ఉంది. పోప్లాకు ఫీజు లేదు, 28 రోజులు గడువు. అక్కడ గెలిస్తే కంపెనీ నోరు మూసుకోవాలి. ఓడిపోతే ఆ తీర్పు నిన్ను కట్టిపడేయదు, కానీ 60 రేటు పోయి 100 అవుతుంది, వాళ్లు కోర్టుకు వెళ్లే దారీ ఉంటుంది. మొదటి అప్పీలు కంపెనీ చేతిలోనే ఉంటుంది కనుక కాదనే అంటారు. కాదన్నారని రాత్రంతా మేలుకుని నాకు ఫోన్ చేయకు.

రాసేటప్పుడు "51 సెకన్లకు 100 పౌండ్లా, అన్యాయం" అని మొదలుపెట్టకు. ఆ తలుపు 2015లోనే మూసుకుంది. పార్కింగ్‌ఐ వర్సెస్ బీవిస్ కేసులో, చెల్మ్స్‌ఫర్డ్‌లో రెండు గంటల ఉచిత పార్కింగ్ దాటి 56 నిమిషాలు ఉన్నందుకు వేసిన 85 పౌండ్లు సబబేనని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అక్కడ రెండు గంటలు ఆగనిచ్చారు, అది ఒప్పందం. నీ రోడ్డు మీద బోర్డు అసలు ఆగొద్దంటోంది. ఇవ్వనిదానికి ఒప్పందమేమిటి? 2016లో హై వికోమ్ కౌంటీ కోర్టు ఇలాంటి బోర్డు విషయంలో ఇదే అంది. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో, ఇంటి ముందు బండి ఆపి బల్ల దింపుకున్న ఒకావిడ కేసులో, సామాను దించడానికి కాసేపు ఆగడం పార్కింగ్ కాదని జడ్జి చెప్పారు. ఇవి కింది కోర్టు తీర్పులు, అందరినీ కట్టిపడేయవు. చివర్లో ఒక పేరా వేసుకో చాలు. తేదీల లెక్క ముందు పెట్టు, అది కాదనడానికి క్యాలెండరు మార్చుకోవాలి.

ఒక్క మాట వాళ్ల పక్షాన కూడా అనుకోవాలి. టెర్మినల్ ముందు రోడ్డులో ప్రతివాడూ నాలాగే బనీను తడుముకుంటూ ఆగితే వెనకున్నవాళ్ల ఫ్లైటు పోతుంది. ఆపొద్దన్న రూలు తప్పని నేననను. వసూలు చేయదలచినవాడు తన చట్టం తను పాటించాలి కదా అన్నదే నా పేచీ.

డ్రాఫ్ట్ రాసి ఆదివారంలోగా నాకు పంపు. దిద్ది వెనక్కి పంపుతాను. పెట్టాక రసీదు మెయిల్ వస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి దాచు. ఒకవేళ ఓడిపోతే 100 పౌండ్లూ నేనే పంపుతాను, ఆపమన్నవాడిని నేను కాబట్టి. దాని గురించి వాదించొద్దు. పెన్షన్ ఒకటో తారీఖున పడుతుంది.

మీ అమ్మ పక్కనే ఉంది. గోంగూర సీసా మూత గట్టిగా పెడుతున్నావా అని అడుగుతోంది. ఇంకా, ఆ రెండో ఫోటోను పెద్దది చేసి పంపమంటోంది. మొత్తం నెలన్నరలో మేమిద్దరం కలిసి పడిన ఫోటో అదొక్కటేనట.

ఇట్లు
మీ నాన్న