సూరికి, ఓపెన్ సోర్స్ ధైర్యం గురించి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. ఈపాటికి నన్ను నాలుగు తిట్లు తిట్టుకునే ఉంటావు. నిజానికి ఆ రోజే, నువ్వడిగిన కొత్త క్రిప్టో కాయిన్ కొనమనో వద్దనో రెండు ముక్కలు గీకి పంపేద్దామనుకున్నాను. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, అది అంత తేలిగ్గా తెగే బేరం కాదని.

నువ్వు రాసినదాంట్లో ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయాను. "బ్యాంకువాళ్ల కంప్యూటర్లో ఏముందో మనకెవడూ చూపించడు. క్రిప్టోలో కోడ్ మొత్తం బయటే ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఇంకెక్కడ్రా మోసం?" అన్నావు కదా. సరే, చూశావా మరి?

దెప్పుతున్నాననుకోకు. పొద్దున లేస్తే కోడ్‌తోనే బతుకుతున్న నేను కూడా చాలాకాలం చూడలేదు. ఒకసారి పంతం పట్టి బిట్‌కాయిన్ కోర్, అంటే బిట్‌కాయిన్‌ని నడిపే ప్రధాన ప్రోగ్రామ్, దాని సోర్స్ (మనుషులు రాసిన కోడ్) దించుకున్నాను. అంతా సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. లావాదేవీ చెల్లుతుందో లేదో తేల్చే భాగం ఒక్కటి పట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాను. చక్కగా రాశారు, ముచ్చటేసింది. కానీ నాలుగో రోజుకి అసలు సంగతి బోధపడింది. తప్పు లేని కోడ్ ఎలా కనిపిస్తుందో, నాకు అందనంత సూక్ష్మమైన తప్పున్న కోడ్ కూడా నా కళ్లకి అచ్చం అలాగే కనిపిస్తుంది. చదివానన్న తృప్తి మిగిలింది, అంతే.

నీకు లెక్కలంటే ఇష్టం కాబట్టి ఒక తమాషా చెప్తా విను. 2010 ఆగస్టు 15న బిట్‌కాయిన్ 74,638వ బ్లాక్‌లో, అంటే దాని ఖాతా పుస్తకంలో ఆ నంబరు పేజీలో, ఒక లావాదేవీ వచ్చింది. లోపలికి వెళ్లింది అర కాయిన్. బయటికి వచ్చింది రెండు చిరునామాలకి, ఒక్కోదానికి 9,223 కోట్ల కాయిన్ల పైచిలుకు! ఎన్నేళ్లు గడిచినా మొత్తం 2.1 కోట్ల కాయిన్లు మించకూడదన్నది ఆ వ్యవస్థకి ప్రాణంలాంటి నియమం. మరి ఇదెలా దూరింది? కోడ్ రెండు ప్రశ్నలు అడిగింది. ఏ చెల్లింపైనా మైనస్‌లో ఉందా? లేదు. బయటికి వెళ్లే మొత్తం, లోపలికి వచ్చినదానికంటే ఎక్కువా? కాదు! ఎందుకు కాదంటే, పాత బండి మీటరు తొమ్మిదులన్నీ అయిపోయాక సున్నాలకి తిరిగినట్టు, 64 బిట్ల సంఖ్య కూడా హద్దు దాటితే గిర్రున తిరిగి మైనస్‌లోకి పోతుంది. ఆ రెండు కొండలంత సంఖ్యల్నీ కూడితే వచ్చిన జవాబు సున్నాకి రవ్వంత కింద. అర కాయిన్ కంటే తక్కువే కదా, పోనీ పో అంది కోడ్.

ఆ కోడ్ వరస ఏడాదిన్నరకి పైగా అందరి కళ్ల ముందే ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. చూసినవాడెవడో చూశాడు, కాకపోతే మనకి చెప్పడానికి చూడలేదు.

ఇక్కడే ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆ బ్లాక్‌లో లెక్క తేడాగా ఉందని జనం వెంటనే పసిగట్టారు. కొన్ని గంటల్లోనే సరిచేసిన వెర్షన్ బయటికొచ్చింది. మైనర్లు, అంటే తమ కంప్యూటర్లతో బ్లాకులు కట్టేవాళ్లు, అందులోకి మారారు, ఆ బ్లాక్‌ని పక్కనపడేసి బ్లాకుల గొలుసు వేరే దారిలో సాగింది. అన్నీ బయట ఉండబట్టే అంత తొందరగా దొరికింది. మూసిపెట్టిన వ్యవస్థలో అయితే ఎన్నాళ్లకి బయటపడేదో! అంటే నీ మాట పూర్తిగా తప్పని కాదురా, సగం దగ్గర ఆగిపోయింది.

ఇదంతా చిన్నప్పటి దోషం, తర్వాత వేలమంది చూశారు కదా అంటావేమో. 2017లో విడుదలైన వెర్షన్‌లో వేగం కోసం ఒక చిన్న తనిఖీని తీసేశారు. అది ఇంకోచోట కూడా జరిగే తనిఖీయే, మళ్లీ ఎందుకని. దాంతో ఒకే కాయిన్‌ని ఒకే లావాదేవీలో రెండుసార్లు ఖర్చుపెట్టే సందు తెరుచుకుంది. అంటే లేని డబ్బు పుట్టించుకోవచ్చన్నమాట. 2018 సెప్టెంబర్ దాకా అలాగే ఉంది. చివరికి కనిపెట్టింది ఎవరో తెలుసా? పోటీ కాయిన్ అయిన బిట్‌కాయిన్ క్యాష్ వైపు పనిచేసే ఒక డెవలపర్. దాన్ని వాడుకోకుండా గుట్టుగా వీళ్లకి కబురు పెట్టాడు. అప్పటికే లక్షల కోట్ల విలువ ఆ కోడ్ మీద కూర్చుని ఉంది. పదిమందిలో పాము చావదని ఊరికే అన్నారా! ఇంకెవరో చూసుంటారులే అని ప్రతివాడూ అనుకుంటాడు.

ఇక నన్ను బాగా కుదిపేసినది వేరే. నువ్వు చదివే కోడూ, నీ మెషీన్‌లో నడిచే కోడూ ఒకటేనని ఎవరు చెప్పారు? యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసినవాళ్లలో ఒకడైన కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఇదే మెలిక పెట్టాడు. సోర్స్ కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్‌లోనే దొంగతనం దాచేస్తే, సోర్స్ ఎన్నిసార్లు చదివినా ఆచూకీ దొరకదని. అప్పట్లో అది పండితుల ముచ్చటలా వినిపించి ఉంటుంది. 2024 మార్చిలో ఏమైందో చూడు. ఎక్స్‌జెడ్ అని, లినక్స్‌లో ఫైళ్లు కుదించే చిన్న టూల్. దాన్ని చూసుకునేవాడు అలసిపోయి ఉన్నాడు. సాయం చేస్తానంటూ ఒకడొచ్చి, రెండేళ్లు ఓపిగ్గా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి విడుదలలు చేసే అధికారం కూడా సంపాదించాడు. తర్వాత దొడ్డిదారి పెట్టాడు. దాన్ని తెరిచే ముఖ్యమైన ముక్క అందరూ చూసే సోర్స్‌లో లేదు, విడుదల చేసిన ప్యాకేజీలో మాత్రమే ఉంది! ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, తన మెషీన్‌లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వుకుంటూ పోతే బయటపడింది. అర సెకనురా! నేనైతే నెట్ స్లోగా ఉందని గొణుక్కుని ఊరుకునేవాణ్ణి.

అది క్రిప్టో కాదు కదా అంటావా? 2018లో సరిగ్గా ఇదే పాచిక ఒక బిట్‌కాయిన్ వాలెట్ (కాయిన్ల తాళాలు దాచుకునే యాప్) మీద వేశారు. ఆ వాలెట్ వాడుకునే ఒక చిన్న ఉచిత లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు అరువు తెచ్చుకునే రెడీమేడ్ కోడ్) ఉంది, పేరు ఈవెంట్ స్ట్రీమ్. రాసినవాడికి దానిమీద ఆసక్తి పోయింది, ఎవరో అడిగితే సంతోషంగా తాళాలిచ్చేశాడు. కొత్తవాడు అందులో, ఫలానా వాలెట్‌లో కూర్చున్నప్పుడు మాత్రమే పనిచేసే దొంగ కోడ్ జొప్పించాడు. నువ్వు ఆ వాలెట్ కోడ్ అక్షరం అక్షరం చదివినా లాభం లేదు. అది పిలిచే వందల లైబ్రరీల్లో ఒకదాని లోపల ఇంకోదాంట్లో ఉంది విషం.

బిట్‌కాయిన్ కోర్ వాళ్లు ఈ బెడదకి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకే సోర్స్‌ని వేర్వేరు మనుషులు తమ తమ మెషీన్ల మీద విడివిడిగా కంపైల్ చేస్తారు. అందరికీ బైటు బైటూ ఒకేలా రావాలి. వస్తేనే సంతకాలు. దించుకున్న ఫైల్ ఆ సంతకాలకి సరిపోయిందో లేదో మనం చూసుకోవాలి. నేను ఏళ్ల తరబడి చూసుకోలేదు, సిగ్గు విడిచి చెప్తున్నా. మొదటిసారి చూసినరోజు హ్యాష్, అంటే ఫైల్‌కి వేలిముద్రలాంటి అంకె, కలవలేదు. గుండె జారిపోయింది. వైఫై పీకేశాను, అర్ధరాత్రి దాకా టెన్షన్. తీరా చూస్తే నేను పోల్చింది పాత వెర్షన్ హ్యాష్‌తో. నవ్వుకో. తర్వాత నిద్రపట్టక ఆలోచిస్తుంటే, ఆ సంతకాలు సరిచూసే తాళం చెవి నాకెక్కడిది అని అనుమానం వచ్చింది. అది కూడా అదే సైట్ నుంచి తెచ్చుకున్నదే!

'కోడే చట్టం' అని ఎథీరియం (బిట్‌కాయిన్ లాంటిదే ఇంకో క్రిప్టో వ్యవస్థ) వాళ్లు గొప్పగా చెప్పుకునే రోజుల్లో, 2016 జూన్‌లో, ది డావో అనే ఉమ్మడి నిధి మీద దెబ్బ పడింది. అందులో కోడ్ ముందు డబ్బు ఇచ్చేస్తుంది, తర్వాత ఖాతాలో తగ్గించి రాసుకుంటుంది. ఇచ్చాక రాసుకునేలోపే మళ్లీ అడిగితే? మళ్లీ ఇస్తుంది. మళ్లీ అడిగితే మళ్లీ. అలా 36 లక్షల ఈథర్ (ఎథీరియం కాయిన్లు) తోడేశారు. చట్టం ప్రకారం చూస్తే వాడు తప్పేం చేయలేదు, కోడ్ ఇవ్వమన్నదే తీసుకున్నాడు. అప్పుడు మనుషులు కూర్చుని వాదించుకుని, జులై 20న గొలుసునే మార్చి డబ్బు వెనక్కి తెచ్చారు. అది ఒప్పుకోనివాళ్లు పాత గొలుసు మీదే ఉండిపోయారు, అదే ఎథీరియం క్లాసిక్. వెనక్కి తేవడం తప్పని నేను అనను. నా డబ్బు అందులో ఉంటే నేనూ తెమ్మనే అరిచేవాణ్ణి. కానీ ఆ రోజు నిర్ణయించింది కోడ్ కాదు, మనుషులు. మరుసటి ఏడాది పారిటీ అనే కంపెనీ చేసిన వాలెట్లలో 5 లక్షల 13 వేల ఈథర్ ఇరుక్కుపోతే మాత్రం ఎవరూ గొలుసు మార్చలేదు. అందరూ ఉమ్మడిగా వాడే ఒక కాంట్రాక్ట్‌కి (గొలుసు మీద నడిచే ప్రోగ్రామ్‌కి) యజమానిని పెట్టడం మర్చిపోయారు. ఎవడో కొత్తవాడు యజమానినయ్యాను అని, తర్వాత దాన్ని రద్దు చేసి, పొరపాటున చంపేశానని రాశాడు. ఒకరికి న్యాయం దొరికింది, ఇంకొకరికి దొరకలేదు. అది ఏ కోడ్‌లో రాసి ఉందో నాకు చూపించు.

ఎక్స్‌ఛేంజీల (కాయిన్లు కొని అమ్ముకునే సంస్థల) గురించి ఎక్కువ రాయను. అక్కడ పెట్టిన డబ్బుకీ ఓపెన్ సోర్స్‌కీ సంబంధమే లేదు. నీ కాయిన్లు వాళ్ల ఖాతా పుస్తకంలో ఒక అంకె మాత్రమే. 2022లో కూలిన ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్‌ఛేంజీ కేసు విచారణలో బయటపడినది ఒకటి మాత్రం నీకు నచ్చుతుంది. యజమానికే చెందిన అలమేడా అనే ఇంకో కంపెనీ ఖాతా మైనస్‌లోకి పోయినా పర్లేదని వాళ్ల కోడ్‌లోనే ఒక వెసులుబాటు పెట్టుకున్నారట. కంచే చేను మేయడమంటే అదే. అది మూసిపెట్టిన కోడ్. బయట ఉండి ఉంటే ఎవడో ఒకడు అడిగేవాడే, ఇదేంట్రా అని. ఇక్కడ నీ పక్షమే నేను.

అలాగని మంచి కోడ్ ఉంటే చాలనీ అనుకోకు. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఎక్స్‌ఛేంజీ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోయింది. కాంట్రాక్ట్‌లో బగ్ లేదు. సంతకం పెట్టేవాళ్ల తెర మీద కనిపించింది ఒకటి, వాళ్లు నిజంగా సంతకం పెట్టింది ఇంకొకటి. ఆ తెరని చూపించే వెబ్ పేజీలో చెయ్యి పెట్టారు. ఒక్కరు కాదు, ముగ్గురు నలుగురు చూసి సంతకం పెట్టే ఏర్పాటది. అందరూ అదే అబద్ధపు తెర చూశారు.

ఇంతకీ నేను నమ్ముతానా? బిట్‌కాయిన్ కోడ్‌ని చాలావరకు నమ్ముతాను. పదిహేనేళ్లకి పైగా అంత డబ్బు ఎరగా వేలాడుతుంటే ప్రపంచంలోని దొంగలంతా రాత్రింబవళ్లు దాన్ని గీకుతూనే ఉన్నారు, అయినా నిలబడింది. ఒక వరస మార్చాలంటే నెలల తరబడి కొట్టుకుంటారు. ఆ చాదస్తమే నాకు ధైర్యం. దాని ధర పెరుగుతుందా తగ్గుతుందా అంటే, దానికీ కోడ్‌కీ ముడిపెట్టకు.

నువ్వు పంపిన ఆ కొత్త కాయిన్ సంగతి వేరు. కాంట్రాక్ట్ తెరిచాను, రెండొందల వరసలు కూడా లేవు. ఓపెనే, దాచిందేమీ లేదు. సగం పైగా ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిందే, పాతదాని పేరు ఒకచోట కామెంట్‌లో చెరపడం కూడా మర్చిపోయారు. తర్వాత ఒక ఫంక్షన్ ఉంది. యజమాని ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్ని కావాలంటే అన్ని కాయిన్లు పుట్టించుకోవచ్చు. దానికింద ఇంకొకటి, ఏ చిరునామావాళ్లు అమ్ముకోకూడదో యజమాని ఒక పట్టికలో రాసుకోవచ్చు. కొనడానికి అడ్డులేదు, అమ్మడానికే. నీ స్నేహితులకి లాభాలు చూపిస్తోందన్నావు కదా, వాళ్లలో ఒక్కడైనా అమ్మి డబ్బు చేతికి తెచ్చుకున్నాడేమో అడిగి చూడు.

ఆ రెండు ఫంక్షన్లనీ ప్రింట్ తీసి ఎర్ర పెన్నుతో గీత గీసి ఈ కవర్‌లోనే పెడుతున్నాను. ఇంగ్లీషులాగే ఉంటుంది, నీకు అర్థమవుతుంది. చదివాక ఫోన్ చెయ్, ఈలోగా డబ్బు మాత్రం పంపకు.

నీ
రాజు