డల్లాస్ నుంచి వచ్చిన సీసా సంగతి

నెల్లూరు, మూలాపేట.

ప్రియమైన పెంచలయ్యకు,

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన సీసా ఫొటోలూ అందాయి. మీ అబ్బాయి డల్లాస్ నుంచి వస్తూ నీ మోకాళ్ల నొప్పికని ప్రేమగా తెచ్చిన ఆ సి.బి.డి. నూనెను, అంటే గంజాయి జాతి మొక్క నుంచి తీసిన నూనెను, వాడవచ్చునా, ఎన్ని చుక్కలు వేసుకోవాలి, అలవాటు అవుతుందా, మత్తు ఎక్కుతుందా, వదినమ్మ భయపడుతున్నట్టు పోలీసులు పట్టుకుంటారా అని వరుసగా అడిగి, చివర "ముప్ఫై ఏళ్లు ఆసుపత్రి ఫార్మసీలో కూర్చున్నవాడివి, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో అయితే, ఆ సీసా మూత తీయవద్దు. ఎందుకన్నది మాత్రం ఒక్క ముక్కలో తేలేది కాదు కనుక కాస్త ఓపికగా చదువు.

నువ్వు అడగని ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే నీ విషయంలో అసలు ప్రశ్న అదే. గుండె కవాటం మార్చినప్పటి నుంచి నువ్వు రోజూ రాత్రి, రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర వేసుకుంటున్నావు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే నీ ఐ.ఎన్.ఆర్. అంకె రెండున్నరకూ మూడున్నరకూ మధ్య నిలవాలనీ, ఆకుకూరల హెచ్చుతగ్గులు ఆ మాత్ర పనిని మారుస్తాయనీ మీ డాక్టరుగారు చెప్పినందుకు, గోంగూర అంటే ప్రాణం పెట్టే నువ్వు దానిని కూడా లెక్క చూసుకుని తింటున్నావు. ఆ వార్ఫరిన్‌ను శరీరం నుంచి వదిలించే పని కాలేయంలోని కొన్ని ఎంజైములది, సి.బి.డి. సరిగ్గా ఆ ఎంజైములనే మందగింపజేస్తుంది. అప్పుడు నువ్వు వేసుకునే మాత్ర అదే అయినా రక్తంలో ఎక్కువసేపు నిలిచి, ఎక్కువ వేసుకున్నంత పని చేస్తుంది. 2017లో అమెరికా వైద్యులు ప్రచురించిన ఒక రోగి వివరాల ప్రకారం, మూర్ఛకు సి.బి.డి. మొదలుపెట్టిన తరువాత ఐ.ఎన్.ఆర్. అదుపులో ఉంచడానికి అతని వార్ఫరిన్‌ను సుమారు 30 శాతం తగ్గించవలసి వచ్చింది. అతనిది పెద్ద మోతాదే, నీవి నాలుగు చుక్కలే కావచ్చు. అయినా పళ్లు తోముకుంటే రక్తం వచ్చిందని నువ్వు నాకు అర్ధరాత్రి ఫోన్ చేసిన రోజు నేనింకా మరిచిపోలేదు. వార్ఫరిన్ ఒక్కటే కాదు, మూర్ఛకు వాడే క్లోబజామ్ మొదలైన మరికొన్ని మందులతోనూ దీనికి ఇదే పేచీ ఉంది. కాబట్టి ఎవరైనా దీనిని గురించి అడిగితే నేను ముందు వాళ్ల మాత్రల డబ్బా చూపించమంటాను.

ఇక ఇది ఏమిటన్న సంగతి. గంజాయి మొక్కలో ఉండే అనేక రసాయనాలలో రెండు ముఖ్యమైనవి. మత్తు ఎక్కించేది టి.హెచ్.సి., ఎక్కించనిది సి.బి.డి., అంటే కానబిడియాల్. దీని నిర్మాణాన్ని ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రాఫెల్ మెషూలమ్ 1963లోనే తేల్చారు. మత్తు రాదన్నంత మాత్రాన ఏమీ చేయదని కాదు, పెద్ద మోతాదులో నిద్రమత్తు, విరేచనాలు, ఆకలి మందగించడం కనిపిస్తాయి, కొందరిలో కాలేయ పరీక్షల అంకెలు పెరుగుతాయి. అలవాటు మాటకొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం దీనిని పరిశీలించి, స్వచ్ఛమైన సి.బి.డి.కి మనిషిని బానిసను చేసే లక్షణం కనిపించలేదని చెప్పింది. ఆ వాక్యంలో "స్వచ్ఛమైన" అన్న మాట కింద గీత గీసుకో.

సీసా మీది హెంప్ అన్న మాటకు నిఘంటువులో జనుము అని చూసి, "మనం వరి నాటే ముందు పచ్చిరొట్టకు చల్లే జనుమే కదా" అని రాశావు చూడు, చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మన పొలాల జనుము చిక్కుడు కుటుంబానిది, నార తీస్తారన్న పోలిక తప్ప గంజాయితో దానికి ఏ చుట్టరికమూ లేదు. హెంప్ అంటే టి.హెచ్.సి. తక్కువగా ఉండే గంజాయి మొక్కే. అమెరికాలో 2018 నాటి వ్యవసాయ చట్టం 0.3 శాతానికి మించని మొక్కను హెంప్ అని వేరుచేసి సాగుకు అనుమతించింది, మీ అబ్బాయికి అక్కడ ఆ సీసా అంగడిలో దొరకడానికి కారణం అదే.

చుక్కల లెక్క చెబుతాను, వాడమని కాదు, సీసా మీది అంకెను ఎలా చదవాలో తెలియడానికి. 30 మిల్లీలీటర్ల సీసా మీద 1500 మిల్లీగ్రాములని ఉంది. అది మొత్తం సీసాలో ఉన్నది, ఒక మోతాదు కాదు. అంటే మిల్లీలీటరుకు 50, ఇరవై చుక్కలను మిల్లీలీటరుగా పట్టుకుంటే చుక్కకు రెండున్నర మిల్లీగ్రాములు. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రోజుకు 70 మిల్లీగ్రాములు దాటవద్దని 2020లో చెప్పి, 2023లో దానిని 10కి దించింది. అది నాలుగు చుక్కలు. మింగినదానిలో చాలా భాగం కాలేయంలోనే విరిగిపోయి రక్తంలోకి చేరేది బహు తక్కువ. కానీ కొవ్వు ఎక్కువ ఉన్న భోజనంతో కలిపి తీసుకుంటే చేరేది సుమారు నాలుగు రెట్లు పెరుగుతుంది. పరగడుపున వేసుకున్న రోజుకూ, నెయ్యి బాగా పోసుకున్న పప్పన్నం మీద వేసుకున్న రోజుకూ అంత తేడా వచ్చే పదార్థాన్ని వార్ఫరిన్ పక్కన ఎలా పెడతాం చెప్పు.

మోకాళ్లకు పనిచేస్తుందా అన్నది నీ అసలు ఆశ కనుక దాచకుండా చెబుతాను. సి.బి.డి.కి మందుగా గట్టి రుజువు ఉన్నది చిన్నపిల్లలలో మొదలయ్యే కొన్ని మొండి మూర్ఛ వ్యాధులకు. ఎపిడియోలెక్స్ అనే సి.బి.డి. మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అందుకే అనుమతించింది. అక్కడ మోతాదు కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల నుంచి 20 దాకా ఉంటుంది. నీ 65 కిలోలకు ఆ తక్కువ లెక్క వేసినా ఈ సీసా మూడు రోజులు నిండా రాదు. సరిగ్గా నీలాంటి మోకాలి అరుగుదల ఉన్నవాళ్ల మీద ఆస్ట్రియాలో జరిగి 2023లో వెలువడిన పరీక్షలో, పారాసెటమాల్‌కు తోడుగా కొందరికి రోజుకు 600 మిల్లీగ్రాముల సి.బి.డి., కొందరికి ఉత్తుత్తి మందు ఎనిమిది వారాల పాటు ఇచ్చి చూశారు. నొప్పి తగ్గడంలో ఇద్దరికీ తేడా కనిపించలేదు. అరవై రెట్లు ఎక్కువ ఇచ్చినా రానిది నాలుగు చుక్కలకు వస్తుందని నేనైతే నమ్మలేను. మీ అబ్బాయి స్నేహితుడి తల్లికి తగ్గిందన్నావు, కాదనను. నొప్పి దానంతటదే హెచ్చుతగ్గులవుతుంది, మందు పడిందన్న ధీమా కూడా కొంత నొప్పిని దించుతుంది.

ఇదంతా సీసా మీద రాసింది నిజమనుకుని చెప్పిన లెక్క. 2017లో అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న 84 సి.బి.డి. ఉత్పత్తులను కొని పరీక్షిస్తే, చీటీ మీద రాసినంత సి.బి.డి. ఉన్నవి 31 శాతమే, 18 వాటిలో టి.హెచ్.సి. కూడా దొరికింది. అందుకే అక్కడ తెలిసినవాళ్లు బ్యాచ్ నంబరును బట్టి బయటి ప్రయోగశాల ఇచ్చిన విశ్లేషణ పత్రం చూడనిదే కొనరు. నువ్వు పంపిన ఫొటోలో బ్యాచ్ నంబరు ఉండవలసిన చోట ధర చీటీ అంటించి ఉంది. దాని మీద "ఫుల్ స్పెక్ట్రమ్" అని కూడా ఉంది. అంటే మొక్కలోని మిగతా రసాయనాలతో పాటు కొంచెం టి.హెచ్.సి. కూడా ఉన్నదని అర్థం. ఐసోలేట్ అని ఉంటే సి.బి.డి. ఒక్కటే, బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉంటే టి.హెచ్.సి. తీసేసినదని చెప్పుకుంటారు. కాబట్టి ఓడ ఉద్యోగంలో ఉన్న మీ మేనల్లుడు నడుము నొప్పికి రెండు చుక్కలు అడిగాడన్నావే, అతనికి అసలు ఇవ్వకు. ఆ కొంచెమే మూత్ర పరీక్షలో బయటపడి ఉద్యోగం మీదికి రావచ్చు. కడుపుతో ఉన్న మీ కోడలి చేతికి కూడా అందనివ్వకండి.

వదినమ్మ భయం ఉత్తదేమీ కాదు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూత, కాయ ఉన్న కొమ్మ చివళ్లనే గంజాయి అంటుంది. కొమ్మ చివళ్లు కలవనంత వరకు ఆకులూ గింజలూ ఆ నిర్వచనంలోకి రావు. అందుకే మన అంగళ్లలో గింజల నూనె, ఆకు సారం చట్టబద్ధంగా కనిపిస్తాయి. గింజలనూ, గింజల నూనెనూ ఆహారంగా 2021లో గుర్తించారు, వాటిలో సి.బి.డి. నామమాత్రం. ఆకు నుంచి తీసినది విజయ అనే పేరుతో ఆయుర్వేద మందుగా, వైద్యుల పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరికతో వస్తుంది, దానిలో టి.హెచ్.సి. కూడా ఉంటుంది. పూతతో తీసిన విదేశీ నూనెకు ఈ రెండు దారులూ లేవు, అమెరికాలోని 0.3 శాతం మినహాయింపు మన చట్టంలో లేదు. పైగా చెన్నై వైపు గంజాయి పోయే దారి మన జాతీయ రహదారే, మన రైళ్లే కనుక తనిఖీలు ఎప్పుడూ ఉంటాయి, రాష్ట్రం 2024లో ఈగల్ పేరుతో ప్రత్యేక దళాన్నే పెట్టింది. "ఇది మందు నూనె సార్" అని స్టేషన్‌లో వివరించే వయసు కాదు మనది.

అందుచేత దానిని నాకు చూపించడానికని సంచిలో పెట్టుకుని బయలుదేరవద్దు, ఫొటోలు చాలు. దానిని ఏం చేయాలో ఒక మంచి వకీలును అడుగు, ఒంగోలు లాయర్‌పేటలో కాపురం ఉంటూ లాయరు దొరకలేదంటే ఎవరూ నమ్మరు. మీ అబ్బాయిని మాత్రం ఏమీ అనకు, వాడు తెచ్చింది నూనె కాదు, నీ మీది బెంగ.

మంగళవారం పినాకిని రైలుకు నెల్లూరు వచ్చేయి. వచ్చేటప్పుడు మోకాలి ఎక్స్‌రే, గడిచిన మూడు నెలల ఐ.ఎన్.ఆర్. కాగితాలు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలన్నీ తెచ్చుకో. ఎముకల డాక్టరుగారికి నీ పేరు రాయించాను. ఈ లోపు నొప్పి ఎక్కువైతే నీ అంతట నువ్వు డైక్లోఫెనాక్ మాత్ర కొని వేసుకోకు, వార్ఫరిన్‌తో దానికీ పడదు.

నీ,
రమణయ్య