మందును అవయవమే తయారుచేసుకుంటే

సంపాదకులకు నమస్కారం.

అవయవ మార్పిడి గురించి రాసినప్పుడల్లా ఆపరేషన్ విజయవంతం అన్న దగ్గరే వార్త ఆగిపోతోంది, అసలు కష్టం మొదలయ్యేది అక్కడే. మా అన్నయ్యకు కిడ్నీ మార్చి ఆరేళ్లయింది. రోజూ పొద్దున, రాత్రి ఫోన్‌లో అలారం మోగగానే ఎక్కడున్నా మాత్ర వేసుకోవాలి, కాస్త జ్వరమొస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వేసుకునే ఆ మాత్రలు ఒంటి మొత్తం రోగనిరోధక శక్తినీ అణిచేస్తాయి, పైగా వాటిలో కొన్ని దీర్ఘకాలంలో ఆ కిడ్నీనే దెబ్బతీస్తాయి.

అందుకే జంతువుల్లో జరిగిన జన్యు బదిలీ ప్రయోగాల గురించి కూడా రాయండి. దాత నుంచి తీసిన గుండెనో కాలేయాన్నో చల్లగా ఉంచిన ఆ కొద్దిసేపట్లోనే, హాని చేయకుండా మార్చిన వైరస్ ద్వారా ఒక జన్యువును అందులోకి పంపుతారు. పరాయి అవయవం మీద మన టి కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) దాడికి దిగాలంటే రెండు సంకేతాలు కావాలి. ఈ జన్యువుతో తయారయ్యే సీటీఎల్ఏ4-ఐజీ అనే ప్రొటీన్ రెండోదాన్ని అడ్డుకుంటుంది. అంటే మందును అవయవమే తయారుచేసుకుంటుందన్నమాట! ఎలుకల్లో ఇలా అమర్చిన అవయవాలు చాలా ఎక్కువకాలం నిలిచాయి.

ఇబ్బందులూ లేకపోలేదు. మోసుకెళ్లిన వైరస్ మీదే శరీరం తిరగబడుతుంది, జన్యువు కొన్ని వారాలకే పనిచేయడం మానేయొచ్చు, ఎలుకలో ఫలించింది కోతిలో ఫలించకపోవచ్చు. అయినా ఇదే ప్రొటీన్ ఆలోచన నుంచి పుట్టిన బెలాటాసెప్ట్ అనే మందును 2011లో అమెరికాలో కిడ్నీ మార్పిడి రోగులకు అనుమతించారు కదా. ఇవన్నీ వివరంగా రాస్తే మాలాంటి కుటుంబాలు తప్పకుండా చదువుతాయి.

– ఒక పాఠకురాలు