గిటార్ పిల్లలకు వినడం కూడా నేర్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా పాలకొల్లు చుట్టుపక్కల గిటార్ పట్టే పిల్లలు బాగా పెరిగారు. చూస్తుంటే ముచ్చటేస్తుంది. ఫోన్లో వీడియో చూసి పదిహేను రోజుల్లో పాట దింపేస్తున్నారు. నలుగురి మధ్య కూర్చోబెడితే మాత్రం తడబడుతున్నారు. పోయిన వినాయక చవితికి మా వీధి పందిట్లో ఇంటర్ చదివే అబ్బాయి వాయించాడు. వేళ్లు చక్కగా పరిగెడతాయి. పాడే అమ్మాయి చరణం ముందు ఊపిరి కోసం ఒక్క క్షణం ఆగింది. తబలా ఆగింది, కీబోర్డు ఆగింది. ఇతను తల వంచుకుని తన వేళ్లే చూసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ పిల్లాడిని తప్పు పట్టను. వీడియో ఎవరి కోసమూ ఆగదు. మరొకరి కోసం ఆగాలని అతనికి ఎవరు చెప్పారు?

నేను రైస్ మిల్లులో గుమస్తాని. ముప్ఫై ఏళ్లుగా ఆర్కెస్ట్రాల్లో రిథమ్ గిటార్ వాయిస్తున్నాను. నాకు వినడం నేర్పింది పద్య నాటకాలకు హార్మోనియం వాయించే ఒక పెద్దాయన. పద్యానికి తాళం కట్టు ఉండదు. నటుడు ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ విరుస్తాడో ఆ పూటకు ఆయన ఇష్టం. అయినా మా పెద్దాయన వేళ్లు ఆ గొంతు వెన్నంటే నడిచేవి. ఎలాగండీ అని అడిగితే నటుడి భుజాలు చూడమన్నారు. రాగం అందుకునే ముందు ఊపిరి తీస్తే భుజం లేస్తుంది. గిటార్ ఇంట్లో పెట్టి రమ్మని, ఒక రాత్రంతా నన్ను పక్కన ఊరికే కూర్చోబెట్టుకున్నారు. ఆ రాత్రి నేర్చుకున్నదే ఇప్పటికీ నా అన్నం.

ఆ పెద్దాయన శ్రుతి 'అయిదున్నర' అంటే, గిటార్ మీద అది జి షార్ప్. మొదటి ఫ్రెట్ (మెట్టు) మీద కాపో, అంటే తీగలన్నిటినీ కలిపి నొక్కిపట్టే క్లిప్పు, బిగించి జి కార్డ్ పట్టుకుంటే చాలు. ఇంటి దగ్గర ట్యూనర్ చూసి శ్రుతి చేసుకొస్తే మాత్రం సరిపోదు. పాత హార్మోనియం రీడ్లు ట్యూనర్ లెక్కగట్టే 440 హెర్ట్జ్ ప్రమాణ శ్రుతికే సరిగ్గా ఉండాలని లేదు. వాటిని స్టేజీ మీద మార్చలేం, మన తీగలే దానికి కలపాలి. పైగా లైట్ల వేడికి స్టీలు తీగ సాగి శ్రుతి దిగుతుంది. రెండు పాటల మధ్య మళ్లీ చూసుకోవాల్సిందే.

ఇంకొకటి. కీబోర్డు నిండుగా కార్డ్ పట్టినప్పుడు మనమూ ఆరు తీగలు దంచితే పాటంతా ముద్దయిపోతుంది. కింది మూడు సన్న తీగలు మీటితే చాలు. బేస్ గిటార్ ఉంటే లావు తీగల జోలికే పోనక్కర్లేదు. పాటలో మాట మనకు వినపడటం లేదంటే మనం గట్టిగా వాయిస్తున్నట్టే.

కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు అంతటి గాయకులై ఉండి వయోలా, మృదంగం, కంజీర కూడా వాయించారు. మన పిల్లలను కనీసం నెలకోసారి తబలా ముందు కూర్చోబెట్టలేమా? సంగీతం మాస్టార్లకు నా మనవి: వారానికి ఒక గంట అందరినీ కలిపి వాయించనివ్వండి. ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు పల్లవి పూర్తయ్యే దాకా చేతులు కట్టుకుని వినాలి. ఆ తర్వాతే ఒక్కొక్కరూ చేరాలి.

పందిళ్ల కమిటీల వారికీ ఒక విన్నపం. బాక్సులన్నీ జనం వైపే పెడుతున్నారు. ఒక్కటి మా వైపు తిప్పండి. పాడేవాళ్ల గొంతు మాకు వినపడటం లేదు.

ఇట్లు,
ఒక గిటార్ వాద్యకారుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా