గోడలు పూసేముందే స్పీకర్ల సంగతి చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

మేం బెంగళూరు మారతహళ్లిలో కొత్త ఫ్లాట్‌లో దిగి నాలుగు నెలలైంది. హాల్లోకి 5.1 సెట్ (ఐదు స్పీకర్లు, దబదబమనే లోతైన శబ్దాలకి ఒక ఊఫర్ ఉండేది) కొందామని వెళ్తే, షాపులో వాట్లు ఎక్కువుంటే చాలన్నారు, నమ్మి తెచ్చేసుకున్నాం. తీరా చూస్తే ఫైటింగులకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి గానీ మాటలు మాత్రం తెలియట్లేదు, మా అత్తయ్యగారు ప్రతి సీనుకీ “ఏమన్నాడే?” అని అడుగుతుంటే ప్రాణం ఉసూరుమనేది.

అసలు డైలాగులు ఎక్కువగా వచ్చేది మధ్య స్పీకర్ నుంచే. మేం దాన్ని టీవీ కింద అరలో లోపలికి తోసేశాం. అంచుదాకా లాగి, కింద చిన్న చెక్కముక్క పెట్టి ముఖం సోఫా వైపు ఎత్తితే అదే రోజు తేడా తెలిసింది. ఊఫర్‌ని మూల నుంచి జరిపాక ఆ గుంయ్‌మనే మోత కూడా తగ్గింది.

వెనక స్పీకర్లే తలనొప్పి. అవి సోఫాకి రెండు పక్కలా, కాస్త వెనగ్గా, చెవి కంటే కొంచెం పైన ఉండాలి. గోడలో పైపు వేయించుకోలేదు కాబట్టి వైరు నేలమీదే పోతోంది, మొన్న మావయ్యగారి కాలికి తగులుకుంది. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ప్లాస్టరింగ్ కాకముందే ఎలక్ట్రీషియన్‌కి చెప్పి పైపులు వేయించుకోండి. మీ పత్రికలో ఇలాంటివి కూడా రాయండి, దయచేసి.

ఇట్లు,
ఒక గృహిణి, బెంగళూరు